పొద్దు మారదు... గడియారమే మారుతుంది!

అమెరికాలో ఏటా రెండుసార్లు గంట మార్పు - కూలి లెక్క నుంచి జాతకం దాకా కంప్యూటర్లకు తికమక

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లలో ఇది ఏటా జరిగే తంతే. చలికాలమంతా పొద్దున ఏడున్నరకు, అమ్మ పొయ్యి మీద కాఫీ పెట్టే వేళకు, ఠంచనుగా ఫోను మోగుతుంది. మార్చి నెల రెండో ఆదివారం దాటిందో లేదో, అదే ఫోను ఆరున్నరకే మోగుతుంది. అప్పటికింకా పాలు పితకడం కూడా అయి ఉండదు. "ఏరా, ఇంత పొద్దున్నే చేశావు? అంతా బాగానే ఉన్నారా?" అని తల్లి కంగారు పడుతుంది. "రోజూ చేసే వేళకే చేశానమ్మా. ఇక్కడ రాత్రి తొమ్మిదయింది" అంటాడు న్యూయార్కులో కొడుకు. ఇద్దరి మాటా నిజమే. మారింది పొద్దు కాదు, అమెరికా గడియారంలో ముల్లు.

తల్లీకొడుకుల మధ్య అయితే ఈ గంట తేడా నవ్వుకుని సర్దుకుపోయే సంగతి. అదే తేడా కూలి లెక్క వేసే కంప్యూటరులోనో, ఆసుపత్రిలో రోగుల చిట్టా రాసే కంప్యూటరులోనో పడితే నవ్వులాట కాదు. ఇలాంటి తప్పులను వెతికి పట్టుకుని సరిచేసే పనిలో హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ, అమెరికాలోనూ తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. "మావాడు కంప్యూటరు పని చేస్తాడు" అని చెప్పుకునే తల్లిదండ్రులకు ఆ పని ఎలాంటిదో అర్థం కావడానికి ఈ గంట కథ ఒక్కటి చాలు.

యుద్ధకాలపు అలవాటు

చలిదేశాల్లో వేసవి పగలు చాలా పొడవు. తెల్లవారుజామున నాలుగింటికే వెలుగు వచ్చేస్తుంది. జనం మాత్రం గడియారం చూసుకుని ఏడింటికి లేస్తారు. ఆ వెలుగంతా వృథా. గడియారాన్నే ఒక గంట ముందుకు జరిపితే జనం గంట ముందే లేస్తారు, రాత్రి గంట ముందే దీపాలు ఆర్పుతారు, బొగ్గు మిగులుతుందని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాలకులు లెక్క వేశారు. 1916 ఏప్రిల్ 30న జర్మనీ ఈ పద్ధతి మొదలుపెట్టింది. 1918లో అమెరికా అందుకుంది. దీనికే డేలైట్ సేవింగ్ టైం అని పేరు.

ప్రస్తుతం అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని మూడుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం రెండింటికి మళ్లీ ఒంటిగంటకు తెస్తారు. ఐరోపాలో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారుస్తారు. అమెరికాలోనే హవాయి రాష్ట్రం మార్చదు. అరిజోనాలో ఎక్కువ భాగం మార్చదు గాని, ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో తెగవారి ప్రాంతం మారుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ అనే చిన్న దీవిలో గంట కాదు, అరగంటే జరుపుతారు. ఎవరి పద్ధతి వారిది.

మన దేశానికి ఈ బెడద లేదు. 1906 జనవరి 1 నుంచి మనది గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందున్న కాలమానం. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ, తుని ప్రాంతాల మీదుగానే సముద్రంలోకి సాగుతుంది. అంతకుముందు రైళ్లు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. అది నేటి కాలానికి దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. అయితే రెండో ప్రపంచ యుద్ధంలో మనకూ ఒకసారి గంట జరిపారు. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు బ్రిటిషు ఇండియాలో గడియారాలు ఒక గంట ముందుకు నడిచాయి. ఆ తర్వాత మళ్లీ కదల్చలేదు.

లేని గంట... రెండుసార్లు వచ్చే గంట

అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. అమెరికాలో మార్చి మార్పు రోజున రెండు గంటల ఒక నిమిషం అనే వేళే ఉండదు. ఒంటిగంటా యాభైతొమ్మిది నిమిషాల తర్వాత నేరుగా మూడే. నవంబరులో దీనికి తలకిందులు. ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట ఆ రాత్రి రెండుసార్లు వస్తుంది. "ఒకటిన్నరకు జరిగింది" అంటే మొదటి ఒకటిన్నరా, రెండో ఒకటిన్నరా అనేది గడియారం చెప్పలేదు.

2016 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక తల్లి కవలలను కన్నది. మొదటి బిడ్డ తెల్లవారుజామున 1 గంట 39 నిమిషాలకు పుట్టాడు. 31 నిమిషాల తర్వాత రెండో బిడ్డ పుట్టాడు. ఆ మధ్యలో గడియారం వెనక్కు జరిగింది కనుక రెండోవాడి జనన సమయం 1 గంట 10 నిమిషాలని నమోదయింది. కాగితం చూస్తే తమ్ముడే అన్న!

పక్కనుండి చూసిన నర్సుకు, కన్నతల్లికి ఎవరు ముందో తెలుసు. కంప్యూటరుకు తెలియదు. దానికి రాసిచ్చిన అంకెలే దాని లోకం.

కాపలాదారు కూలి ఏమైనట్టు?

రాత్రి పదింటికి పనిలోకి దిగి ఉదయం ఆరింటికి దిగిపోయే కాపలాదారు ఒకడు అమెరికాలో ఉన్నాడనుకుందాం. రోజూ అతని పని ఎనిమిది గంటలు. నవంబరులో గడియారం మారిన రాత్రి మాత్రం తొమ్మిది గంటలు మేలుకుంటాడు. మార్చిలో ఏడే గంటలు. నిజంగా పనిచేసిన గంటలకే కూలి లెక్క కట్టాలని అక్కడి కార్మిక శాఖ నిబంధన. కాని కంప్యూటరుకు ప్రోగ్రాము రాసినవాడు "దిగిన వేళలో నుంచి ఎక్కిన వేళ తీసెయ్" అని మాత్రమే చెప్పి ఉంటే, అది రెండు రాత్రులూ ఎనిమిదే అంటుంది. ఒకసారి కూలివాడికి గంట నష్టం, ఒకసారి యజమానికి గంట నష్టం. ఒక్కడైతే చిల్లర. వేలమంది పనిచేసే చోట అది పెద్ద మొత్తం.

ఆసుపత్రి సంగతి ఇంతకంటే సున్నితం. నాలుగు గంటలకొకసారి ఇవ్వవలసిన మందు ఒకటిన్నరకు ఇచ్చారని చిట్టాలో ఉంటే, తర్వాతి మోతాదు అయిదున్నరకా, నాలుగున్నరకా? అమెరికాలో కొన్ని ఆసుపత్రులు నవంబరు మార్పు రాత్రి ఆ గంటసేపు కంప్యూటరు చిట్టా పక్కన పెట్టి, కాగితం మీద చేత్తో రాసుకుంటున్నాయని 2018లో అక్కడి పత్రికలు వెల్లడించాయి.

హైదరాబాదులో కనబడని తప్పు

కూలి తక్కువ వచ్చిందని ఫిర్యాదు అందిందనుకుందాం. అది హైదరాబాదులో ఒక ఇంజనీరు బల్ల మీదికి వస్తుంది. అతను అదే లెక్క తన కంప్యూటరులో వేసి చూస్తాడు. ఎనిమిది గంటలకు ఎనిమిది గంటలు చక్కగా వస్తాయి. తప్పేమీ లేదే అనుకుంటాడు. నిజమే, అతని కంప్యూటరు నడిచేది మన కాలమానం మీద. మన గడియారం ఎప్పుడూ జరగదు కనుక ఇక్కడ ఆ తప్పు పుట్టదు. అమెరికాలో ఉన్న మరొకరు డిసెంబరులో వేసి చూసినా కనబడదు. ఏడాదిలో రెండు రాత్రులు మాత్రమే బయటికి వచ్చి మళ్లీ దాక్కునే దొంగ ఇది.

దొంగను పట్టే ఉపాయం లేకపోలేదు. ఈ పనిలో ఆరితేరినవారు మొదట చూసేది తేడా ఎంత అని. సరిగ్గా ఒక గంట తేడా అయితే గడియారం జరిపిన గొడవ అయి ఉంటుంది. అయిదున్నర గంటల తేడా అయితే గ్రీనిచ్ కాలాన్ని మన కాలంగా మార్చడం మరిచారన్నమాట, లేదా మార్చినదాన్నే రెండోసారి మార్చి ఉంటారు. సరిగ్గా ఒక రోజు తేడా అయితే అర్ధరాత్రి దగ్గర ఎక్కడో జారిందని అనుమానించాలి. వైద్యుడు నాడి పట్టి జ్వరం ఏ రకమో ఊహించినట్టు, తేడాను బట్టి తప్పు జాడ దొరుకుతుంది.

తర్వాతి పని కంప్యూటరును నమ్మించడం. "నువ్వు న్యూయార్కులో ఉన్నావు, ఈ రోజు నవంబరు మొదటి ఆదివారం, వేళ ఒంటిగంటా యాభైతొమ్మిది నిమిషాలు" అని దానికి ఉత్తుత్తి గడియారం అమర్చి, అదే లెక్క మళ్లీ వేయిస్తారు. అప్పుడు తప్పు కళ్లెదుట నిలుస్తుంది. సరిచేశాక ఆ పరీక్షను తీసేయరు. ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా ప్రతిసారీ మళ్లీ నడిపిస్తారు.

తొందరపడేవారు ఇక్కడే బోల్తా పడతారు. నవంబరులో గంట తక్కువ వచ్చింది కదా అని ఒక గంట కలిపి చేతులు దులుపుకుంటారు. ఆ కలిపిన గంటే మిగతా రాత్రులన్నిటా కొత్త తప్పు అవుతుంది. చిల్లుకుండకు పైపూత పూస్తే నీరు ఆగదు.

పుట్లు, మణుగులు చాలించి కిలోల్లో రాసినట్టు

మరి మందేమిటి? రైతులకు తెలిసిన లెక్కలోనే చెప్పవచ్చు. పూర్వం ధాన్యం కొలతలు ఊరూరికీ మారేవి. ఒక చోటి పుట్టి మరో చోట పుట్టి కాదు. "పది పుట్లు" అని పద్దులో రాసుకుంటే ఏ ఊరి పుట్టి అని తగాదా వచ్చేది. కిలోల్లో తూచి రాసుకుంటే ఆ తగాదా లేదు. ఎవరికి చెప్పేటప్పుడు వారి కొలతలోకి మార్చి చెప్పుకోవచ్చు.

కాలానికి కిలోలాంటిది గ్రీనిచ్ కాలం. నేడు కంప్యూటరువారు దాన్ని యూటీసీ అంటారు. దానికి వేసవి గంట, చలికాలపు గంట అనే భేదం లేదు. చాలా కంప్యూటర్లు లోపల 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెడుతూ ఉంటాయి. జరిగిపోయిన సంఘటనను ఆ లెక్కలో రాసిపెట్టి, మనిషికి చూపేటప్పుడు మాత్రమే అతని ఊరి వేళలోకి మార్చాలి. కవలల జననం అలా రాస్తే అన్న అన్నగానే ఉంటాడు. కాపలాదారు తొమ్మిది గంటలు తొమ్మిదిగానే తేలుతాయి.

పుట్టినతేదీ ఒకరోజు వెనక్కు

అయితే ఈ మందును ప్రతి రోగానికీ వాడితే వికటిస్తుంది. పుట్టినతేదీ సంగతే తీసుకోండి. దరఖాస్తులో ఒక బిడ్డ పుట్టినతేదీ జూన్ 5 అని నింపారనుకుందాం. ప్రోగ్రాము రాసినవాడు దాన్ని జూన్ 5 అర్ధరాత్రి పన్నెండు గంటలుగా తీసుకుని గ్రీనిచ్ కాలంలోకి మారుస్తాడు. అయిదున్నర గంటలు తీసేస్తే అది జూన్ 4 సాయంత్రం ఆరున్నర. తర్వాత వేళ వదిలేసి తేదీ మాత్రం అచ్చువేస్తే కాగితం మీద జూన్ 4 వస్తుంది. మనలాగా గ్రీనిచ్‌కు తూర్పున ఉన్న దేశాలవారికి ఇలా ఒకరోజు వెనక్కు పోవడం కంప్యూటరు లోకంలో తరచుగా కనిపించే తప్పు. బడి సర్టిఫికెట్టులో ఒక తేదీ, దరఖాస్తులో మరో తేదీ పడితే ఎంత తిరుగుడో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర లేదు. పుట్టినతేదీ ఒక రోజే గాని ఒక క్షణం కాదు. దాన్ని తేదీగానే దాచాలి, ఏ కాలంలోకీ మార్చకూడదు.

మన అరగంట కూడా కొందరికి చిక్కే. దేశాల మధ్య తేడా ఎప్పుడూ పూర్తి గంటల్లోనే ఉంటుందనుకుని రాసిన ప్రోగ్రాములు భారతదేశం దగ్గరకు వచ్చేసరికి తడబడతాయి. గ్రీనిచ్ కంటే అయిదుముక్కాలు గంటలు ముందున్న నేపాల్ దగ్గర మరీ తడబడతాయి. రోజు మొదలయ్యేది పన్నెండింటికే అనుకోవడమూ ప్రమాదమే. బ్రెజిల్‌లో 2019లో ఈ పద్ధతి ఎత్తివేసేదాకా గడియారాన్ని అర్ధరాత్రే ముందుకు జరిపేవారు. ఆ రోజుకు పన్నెండు గంటలే ఉండేది కాదు. ఒంటిగంటతోనే మొదలయ్యేది.

ప్రభుత్వం మాట మారిస్తే

లెక్క ఎంత సరిగా రాసినా, నియమమే మారితే ఏం చేయాలి? 2015లో టర్కీలో అక్టోబరు 25న గడియారాలు మారవలసి ఉంది. నవంబరు 1న ఎన్నికలున్నందున ప్రభుత్వం ఆ మార్పును నవంబరు 8కి వాయిదా వేసింది. ఫోన్లు ఈ మాట వినలేదు. చాలా ఫోన్లు 25నే వాటంతట అవే గంట వెనక్కు జరుపుకున్నాయి. ఇంట్లో గోడగడియారం ఒకటి, చేతిలో ఫోను ఒకటి చెప్పాయి.

2023 మార్చిలో లెబనాన్‌లో మరీ విడ్డూరం. మార్పుకు రెండు మూడు రోజుల ముందు ప్రధానమంత్రి నజీబ్ మికాతీ దాన్ని రంజాన్ మాసం తర్వాతకు వాయిదా వేశారు. మరోనైట్ చర్చి ఒప్పుకోలేదు. కొన్ని సంస్థలు గడియారం మార్చాయి, కొన్ని మార్చలేదు. కొద్దిరోజులపాటు ఒకే దేశంలో రెండు కాలాలు నడిచాయి. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి ఆ వారంలోనే గడియారం మార్చింది.

అమెరికాలో 2005లో చేసిన చట్టం వల్ల 2007 నుంచి వేసవి గంట కొన్ని వారాలు పెరిగింది. అంతకుముందే కంప్యూటర్లలో రాసిపెట్టుకున్న సమావేశాలు ఆ వారాల్లో గంట అటూఇటూగా కనిపించాయి. వాటిని పాత నియమం ప్రకారం మార్చి దాచడమే కారణం.

దీనినుంచి నేర్చిన పాఠం ఒకటుంది. జరిగిపోయిన దాన్ని గ్రీనిచ్ కాలంలో రాయాలి. జరగబోయే దాన్ని మాత్రం ఏ ఊళ్లో, అక్కడి గడియారం ప్రకారం ఎన్నింటికో అలాగే రాసుకోవాలి. పెళ్లి పత్రికలో ఊరు, వేళ రెండూ వేసినట్టన్నమాట. మధ్యలో నియమం మారినా పెళ్లివేళ మారదు.

ప్రపంచానికంతటికీ ఒకే పంచాంగం

ఏ దేశం ఎప్పుడు గడియారం జరిపిందో, ఎప్పుడు జరపబోతోందో ఇన్ని సంగతులు కంప్యూటర్లకు ఎవరు చెబుతారు? దీనికొక పంచాంగం ఉంది. 1980లలో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థలో పనిచేస్తున్న ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఎగర్ట్ దీని బాధ్యత చూస్తున్నారు. దేశదేశాల ఔత్సాహికులు తమ ప్రభుత్వ ఉత్తర్వులు పంపుతుంటారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కోట్లాది ఫోన్లు, కంప్యూటర్లు దీన్నే నమ్ముకుని నడుస్తున్నాయి. ఇందులో మన కాలమానం పేరు "ఆసియా/కోల్‌కతా". కొన్ని కంప్యూటర్లలో సమయం అమర్చేచోట హైదరాబాదుకు, విజయవాడకు బదులు కోల్‌కతా అని కనబడేది అందుకే. పైన చెప్పిన యుద్ధకాలపు గంట కూడా ఇందులో నమోదై ఉంది.

ఈ పంచాంగం 2011లో కోర్టు మెట్లెక్కింది. పాతకాలపు వేళల వివరాలు తమ గ్రంథంలోనివంటూ అమెరికాలో ఒక జ్యోతిష ప్రోగ్రాముల కంపెనీ ఓల్సన్, ఎగర్ట్‌లపై దావా వేసింది. 2012 ఫిబ్రవరిలో తానే దావా ఉపసంహరించుకుంది. ఇలాంటి ఇబ్బంది మళ్లీ రాకుండా దీని నిర్వహణ 2011 అక్టోబరు నుంచి ఇంటర్నెట్టు పేర్లు, అంకెల వ్యవహారాలు చూసే ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ నీడలో సాగుతున్నది.

జాతకానికీ ఇదే చిక్కు

జ్యోతిష కంపెనీకి గడియారాలతో పనేమిటని ఆశ్చర్యపోనక్కర లేదు. మనవడు జూలై నెలలో న్యూజెర్సీలో ఉదయం ఏడింటికి పుట్టాడని ఫోను వస్తుంది. తాతగారు ఆ వేళ పట్టుకుని సిద్ధాంతి దగ్గరికి వెళతారు. ఆ ఏడు వేసవి గంట కలిపిన ఏడు. అసలు కాలమానం ప్రకారం ఆరు. లగ్నం సుమారు రెండు గంటలకొకటి మారుతుందని జ్యోతిష్కుల లెక్క. అంటే ఈ గంట తీయకపోతే లగ్నమే మారిపోవచ్చు. 1942, 1945 మధ్య యుద్ధకాలంలో ఇక్కడ పుట్టి, గడియారం చూసి వేళ రాసుకున్న వృద్ధుల జాతకాలకూ ఇదే వర్తిస్తుంది. సిద్ధాంతి చేసే పనీ, ఇంజనీరు చేసే పనీ ఇక్కడ ఒక్కటే. గడియారం చెప్పిన వేళలో నుంచి అసలు క్షణాన్ని రాబట్టడం.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

విదేశంలో ఉన్న పిల్లలు ఫోనుకో, ఇంటర్వ్యూకో వేళ చెప్పినప్పుడు "మన టైమా, మీ టైమా" అని అడగడం మొదటి జాగ్రత్త. ఊరి పేరు కూడా అడిగితే ఇంకా మంచిది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం తర్వాత అమెరికా వేళలను మరోసారి సరిచూసుకోవాలి. లండను వేళలు అదే రోజు మారవు. మార్చిలో రెండు మూడు వారాలు ఆలస్యంగా, శరదృతువులో ఒక వారం ముందుగా మారతాయి. విమానం టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది కనుక ప్రయాణం ఎన్ని గంటలో తీసివేతతో తేల్చకూడదు. దరఖాస్తు నింపినప్పుడు అచ్చయిన కాగితంలో పుట్టినతేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

కోడికూతతో లేచి పొలానికి పోయే రైతుకు గడియారం జరిగినా ఒకటే, జరగకపోయినా ఒకటే. గడ్డి వేసే వేళ పశువు ఎరుగును. తన వేళ తానే ఎరగనిది కంప్యూటరు ఒక్కటే. ఎవరో ఒకరు చెప్పాలి. ఈసారి నవంబరులో ఫోను గంట ఆలస్యంగా మోగితే, ఆ చెప్పేవారిలో మన ఇంటి పిల్లలూ ఉండవచ్చునని గుర్తు చేసుకుంటే చాలు.